తప్పొప్పుల పట్టిక నుండి వర్ణక్రమ పరీక్షకం వరకు

పాత తెలుగు పుస్తకాలను తిరగవేసేవారికి తప్పొప్పుల పట్టిక బాగా పరిచయమైన వస్తువు. గ్రంథం మొదటనో చివరనో ఒక కాగితం. దానిపై పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని నాలుగు నిలువు వరుసలు. అచ్చు ముగిసిన పిమ్మట కంటబడిన దోషాలను ముద్రాపకుడు అక్కడ ఒప్పుకొని, దిద్దుకొని చదువుకొనవలసినదిగా పాఠకుని కోరేవాడు. నేడు ఆ పట్టిక దాదాపుగా మాయమైనది. అక్షరాలు పడుతుండగానే మాట క్రింద అల వంటి ఎర్రగీత ఒకటి వచ్చి దాని స్థానాన్ని ఆక్రమించినది. ఆ గీత గీసే సాధనానికి స్పెల్ చెకర్ అని వాడుక పేరు. తెలుగులో దానిని వర్ణక్రమ పరీక్షకం అందాము.

పట్టికకూ గీతకూ ముఖ్యమైన భేదం ఒకటి ఉన్నది. పట్టికను కూర్చినవాడు భాష తెలిసిన మనిషి. గీతను గీసేది యంత్రం. ఎవరో, ఎప్పుడో, ఎక్కడో కూర్చిన జాబితాలో మాట కనబడకపోతే చాలు, యంత్రం దానిని తప్పు అంటుంది. కనుక ఏ పరీక్షకాన్ని ఎన్నుకొనవలెను అనే ప్రశ్న, లోతుగా చూస్తే, ఎవరి జాబితాను నమ్మవలెను అనే ప్రశ్నయే. పాఠ్యపుస్తకాన్ని గాని, పరిశోధన వ్యాసాన్ని గాని, పంచాయతీ ప్రకటనను గాని కంప్యూటరుపై సిద్ధం చేసే ప్రతి తెలుగువాడూ నేడు ఈ ప్రశ్నను ఎదుర్కొంటున్నాడు. ఈ సాధనం ఏ దారిన వచ్చినదో, తెలుగు వ్రాసేవారు దానిని ఎట్లా పరీక్షించి తీసుకొనవలెనో ఇక్కడ విచారింతము. పరీక్షాస్థలంగా మదనపల్లె, పుంగనూరు, కుప్పం అనే మూడు ఊళ్లను ఎన్నుకొన్నాము.

ఈ మూడు ఊళ్లే ఎందుకంటే, భాషకు ఇంతకంటె మంచి గీటురాయి దొరకడం కష్టం. 1911 ఏప్రిల్ 1వ తేదీన చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వం మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. పుంగనూరు, కుప్పం ప్రాంతాలు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేవి. పొట్టి ఆవుల జాతికి పేరు పడ్డ పుంగనూరు ఒక జమీందారీకి ముఖ్యస్థానం. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. అటు కన్నడం, ఇటు తమిళం, నడుమ తెలుగు. ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినది ఈ కుప్పంలోనే. ఇక ఈ మూడు ఊళ్ల పేర్లు తెలుగు వర్ణక్రమంలోని మూడు చిక్కులను తమలోనే దాచుకొని ఉన్నవి. ఆ సంగతి ముందు ముందు తెలుస్తుంది.

యంత్రం పుట్టక ముందు పరీక్షకుడు మనిషే. తాటాకు ప్రతులలో మాటకూ మాటకూ నడుమ ఎడం ఉండదు. లేఖకుడు ఒక అక్షరం వదిలితే తరువాతి లేఖకుడు ఆ తప్పునే భద్రంగా ఎత్తి వ్రాసేవాడు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఈ చిక్కును బాగుగా గ్రహించినారు. ఆయన ఒకే కావ్యానికి అనేక ప్రతులను సేకరించి, పండితులకు జీతాలిచ్చి, ప్రతులను పక్కపక్కన పెట్టి పోల్చి పాఠాలను దిద్దించినారు. వేమన పద్యాల సంపుటం 1829లో వెలువడినది. ఇంగ్లీషు తెలుగు, తెలుగు ఇంగ్లీషు నిఘంటువుల ముద్రణ 1852 నాటిది. ఒక ప్రతిని ఇంకొక ప్రతితో పోల్చి, రెండూ కలవని చోట గుర్తు పెట్టి, ఆ గుర్తు వద్ద పండితుడు ఆలోచించడం అనే పద్ధతి అది. గుర్తు పెట్టడం ఒక పని, తీర్పు చెప్పడం వేరొక పని. ఈ విభజనను పాఠకులు మనసులో ఉంచుకొనవలెను.

తీర్పు చెప్పడానికి ఒక ప్రమాణం కావలెను గదా. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లోను, బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం 1885లోను వచ్చి గ్రాంథిక భాషకు అట్టి ప్రమాణాలైనవి. తరువాత గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాష పక్షాన ఉద్యమించినారు. ప్రమాణం మారగానే తప్పు, ఒప్పు కూడ మారినవి. ఒకప్పుడు 'వాఁడు' అని అరసున్నతో వ్రాయకపోవడం దోషం. నేడు అరసున్న వ్రాస్తే పాఠకుడు ఆగి చూస్తాడు. శకటరేఫతో 'గుఱ్ఱము' అని వ్రాసిన తాతగారిది తప్పు కాదు; 'గుర్రం' అని వ్రాసే మనుమనిదీ తప్పు కాదు. పాత అచ్చులో 'ధర్మం' వంటి మాటలలోని రేఫను వలపలగిలకతో చూపేవారు. దానిని నేటి పద్ధతిలోనికి మార్చడం పాఠాన్ని చెడగొట్టడం కాదు గాని, పాత ప్రతిని ఉన్నది ఉన్నట్లు అచ్చువేయ దలచినవారికి అది పనికిరాదు. కనుక పరీక్షకాన్ని ఎన్నుకొనే ముందు, మనం వ్రాస్తున్నది ఏ కాలపు తెలుగు, ఎవరి కోసం అనే విషయం తేల్చుకొనవలెను. ఒకే జాబితా అన్ని కాలాలకూ చాలదు.

ఇక రెండవ అంశానికి వద్దాము. ఒక పుటలో ఉన్న అక్షరాలన్నీ భాషే కావు. మా రేడియో ప్రసంగ ప్రతినే చూడండి. మాటల నడుమ 'సంగీతం', 'విరామం', 'స్వరం తగ్గించి' అనే సూచనలు ఉంటాయి. అవి చదవడానికి కాదు, చదివేవానికి దారి చూపడానికి. ప్రకటనకర్త వాటిని పైకి చదివితే శ్రోతలు నవ్వుతారు. సంగీత పుస్తకంలోనూ అంతే. పైవరుసలో స్వరాలు, క్రింది వరుసలో సాహిత్యం ఉంటాయి. రెండూ అక్షరాలే, కాని పైవరుసలోనివి మాటలు కావు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెలోని బెసెంట్ థియొసాఫికల్ కళాశాలలో ఉండగా జనగణమన గీతాన్ని ఆంగ్లంలోనికి అనువదించినారు. మార్గరెట్ కజిన్స్ ఆ గీతానికి పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి కూర్చినారు. అట్టి పుటలో వర్ణక్రమం చూడదలచినవాడు స్వరాలను దాటి సాహిత్యాన్ని మాత్రమే చూడవలెను.

కంప్యూటరు పత్రాలలో ఇట్టి సూచనలనే మార్కప్ అంటారు. ఇది శీర్షిక, ఇది పేరా, ఈ మాట లావు అక్షరాలలో పడవలెను అని చెప్పే గుర్తులన్నమాట. 1969లో ఐ.బి.ఎం. సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఆయన సహచరులు ఇట్టి గుర్తుల భాష ఒకటి రూపొందించినారు. దాని వారసత్వంగా వచ్చిన ఎస్.జి.ఎం.ఎల్. 1986లో అంతర్జాతీయ ప్రమాణమైనది. గణిత గ్రంథాల అచ్చు అందంగా ఉండవలెనని డోనాల్డ్ క్నూత్ 1978లో 'టెక్' అనే వ్యవస్థను తెచ్చినారు. 1990 దశకారంభంలో టిమ్ బెర్నర్స్ లీ రూపొందించిన హెచ్.టి.ఎం.ఎల్., 1998లో వెలువడిన ఎక్స్.ఎం.ఎల్. నేడు లోకమంతటా వ్యాపించినవి. వీటిని వ్రాసేవారు రంగు, రూపం చూపే పెద్ద సాధనాలకంటె, ఉన్న అక్షరాలను ఉన్నట్లు చూపే టెక్స్ట్ ఎడిటరును ఇష్టపడతారు. అక్కడ గుర్తులు, మాటలు కలగలిసి కనబడతాయి. పరీక్షకానికి అసలు కష్టం మొదలయ్యేది అక్కడనే.

యంత్ర పరీక్షకం చరిత్ర అమెరికాలో ఆరంభమైనది. లెస్ ఎర్నెస్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1961లో, చేతివ్రాతను గుర్తించే ప్రయోగంలో భాగంగా, పదివేల మాటల జాబితాను యంత్రానికి ఇచ్చినారు. 1964లో ఐ.బి.ఎం.కు చెందిన ఫ్రెడరిక్ డామెరో, వర్ణక్రమ దోషాలలో నూటికి 80కి పైగా నాలుగు తరగతులకే చెందుతాయని చూపినారు. ఒక అక్షరం ఎక్కువ కావడం, ఒకటి తక్కువ కావడం, ఒకదానికి బదులు ఇంకొకటి పడడం, పక్కపక్కనున్న రెండు తారుమారు కావడం అనేవి ఆ నాలుగు. నేడు ఎర్రగీత పడిన మాటపై నొక్కితే సూచనలు కనబడతాయి గదా, వాటికి మూలం ఈ పరిశీలనే. 1971లో స్టాన్‌ఫర్డ్‌లో రాల్ఫ్ గోరిన్ వ్రాసిన కార్యక్రమం, దోషాన్ని చూపడమే గాక దిద్దుబాటును కూడ సూచించినది.

బెల్ ప్రయోగశాలలో 1975లో స్టీఫెన్ జాన్సన్ ఒక చిన్న పరీక్షకాన్ని చేసినారు. డగ్లస్ మెకిల్‌రాయ్ దానిని సంస్కరించినారు. ఆ యంత్రపు కార్యక్రమాలకు లభించే జ్ఞాపకస్థలం 64 కిలోబైట్లు మాత్రమే. అందులో సుమారు 30,000 మాటలను ఇరికించవలెను. అందుకోసం ఆయన ఆంగ్ల పదాల చివరి ప్రత్యయాలను ఊడదీసి, మూలపదాన్ని మాత్రమే జాబితాలో ఉంచినారు. ఇంకొక పని కూడ చేసినారు. పత్రాన్ని పరీక్షించడానికి ముందు, అచ్చు గుర్తులన్నిటినీ తీసివేసే వేరొక చిన్న కార్యక్రమం గుండా దానిని నడిపించేవారు. మొదట జల్లెడ పట్టి, పిదప గింజలు ఏరడం వంటిదే ఇది. ప్రత్యయాలను విడదీయడం, గుర్తులను విడదీయడం అనే ఈ రెండు ఉపాయాలపైనే తరువాతి చరిత్ర అంతా నడిచినది.

జల్లెడ పద్ధతిలో లోపం లేకపోలేదు. గుర్తులు పోయిన పిదప తప్పు మాటల జాబితా ఒకటి చేతికి వస్తుంది. ఆ తప్పు అసలు పత్రంలో ఎక్కడ ఉన్నదో మరల వెదకుకొనవలెను. 1980 దశకంలో వ్యాపించిన ఇస్పెల్ ఈ లోపాన్ని తీర్చినది. అది గోరిన్ కార్యక్రమం వంశంలోనిదే. పత్రంలోని గుర్తులను తొలగించకుండా, వాటిని గుర్తించి దాటిపోవడం అది నేర్చుకొన్నది. ఇంతకంటె గొప్ప మేలు ఒకటి చేసినది. ఎడిటరు ఒక పంక్తిని అందిస్తే, పరీక్షకం జవాబు ఇచ్చే ఒక ప్రశ్నోత్తర పద్ధతిని ఏర్పరచినది. 1985లో వెలువడిన గ్నూ ఈమాక్స్ అనే ఎడిటరు ఆ పద్ధతిలోనే పరీక్షకంతో మాట్లాడుతుంది. తరువాత వచ్చిన పరీక్షకాలు కూడ ఆ పద్ధతినే అనుసరించినందువలన, ఎడిటరును మార్చకుండానే పరీక్షకాన్ని మార్చుకొనే స్వేచ్ఛ వ్రాసేవానికి లభించినది. కలం అదే, సిరా మార్చుకొనవచ్చును. విమ్ అనే ఇంకొక ఎడిటరు 2006లో తన ఏడవ కూర్పులో పరీక్షకాన్ని తనలోనే ఇముడ్చుకొన్నది. పత్రంలో ఏ భాగం మాట, ఏ భాగం గుర్తు అనేది దానికి రంగులు వేసే నియమాలనుబట్టి తెలుస్తుంది.

ఇస్పెల్ తెలుగుకు పనికిరాదు. ఒక అక్షరానికి ఒక బైటు చాలుననుకొన్న రోజులలో పుట్టినది అది. కెవిన్ అట్కిన్‌సన్ తయారుచేసిన ఆస్పెల్ సూచనలివ్వడంలో ఇస్పెల్‌ను మించినది, టెక్, హెచ్.టి.ఎం.ఎల్. గుర్తులను దాటడానికి వేరువేరు జల్లెడలు దానిలోనే ఉన్నవి. తెలుగు మాటల జాబితా కూడ దానికి ఉన్నది. ఇక మూడవది హన్‌స్పెల్. దీనిని రూపొందించిన లాస్లో నేమెత్ హంగేరీ దేశస్థులు. హంగేరియన్ భాషలో తెలుగులో వలెనే నామానికి ప్రత్యయం మీద ప్రత్యయం చేరుతుంది. ఆంగ్లం కోసం చేసిన సాధనం ఆ భాషకు చాలలేదు. అందుచేత రెండు పొరల ప్రత్యయాలను ఒకదాని తరువాత ఒకటి విడదీసే శక్తిని ఆయన దీనికి ఇచ్చినారు. లిబ్రె ఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వంటివి దీనినే వాడుతున్నవి. తెలుగు జాబితా దీనికీ ఉన్నది. అంటే బుడాపెస్టు వ్యాకరణపు అవసరం కుప్పం వ్యాసకర్తకు అక్కరకు వచ్చినదన్నమాట.

ఇప్పుడు మన మూడు ఊళ్లను గీటురాయిగా పెట్టి చూతము. మొదటిది మదనపల్లె. కొందరు మదనపల్లి అంటారు. 'పల్లె' అయితే మదనపల్లెకు, 'పల్లి' అయితే మదనపల్లికి. పేరు చివరి అచ్చునుబట్టి విభక్తి మారుతుంది. ఒక రూపాన్నే ఒప్పుకొనే జాబితా రెండవదాన్ని తప్పు అంటుంది. రెండిటినీ ఒప్పుకొనే జాబితా, ఒకే వ్యాసంలో రెండూ కలగలిసినా పలకదు. రెండవది పుంగనూరు. పుంగనూరులో అనవచ్చును, పుంగనూర్లో అనవచ్చును. పుంగనూరుకు, పుంగనూరికి అనే రెండూ వాడుకలో ఉన్నవి. ఇక్కడ మూలపదం చివరి అచ్చు ఒకచోట ఉంటుంది, ఒకచోట పోతుంది, ఒకచోట మారుతుంది. మూడవది కుప్పం. కుప్పంలో అన్నపుడు సున్న నిలిచి ఉంటుంది; కుప్పానికి, కుప్పాన్ని అన్నపుడు సున్న పోయి దీర్ఘం వస్తుంది. గ్రాంథికంలో కుప్పము, కుప్పమునకు, కుప్పమున అనేవి వేరొక వరుస.

ఈ రూపాలన్నిటినీ విడివిడిగా జాబితాకు ఎక్కించుకొంటూ పోతే అంతు ఉండదు. కుప్పంలోనే, కుప్పంలోనా, కుప్పంలోనిది, కుప్పంలోనివాళ్లకే అని ఒక పేరు నుండే పదులకొద్దీ మాటలు పుడతాయి. సున్నతో ముగిసే నామాలన్నిటికీ వర్తించేటట్లు, 'చివరి సున్నను తీసి దీర్ఘాన్ని, దానిపై నికి అనే ప్రత్యయాన్ని చేర్చుము' అని ఒక నియమం వ్రాస్తే, కుప్పంతోపాటు గ్రామం, పుస్తకం, ఉద్యోగం కూడ సరిపడతాయి. హన్‌స్పెల్‌లో నియమాల పట్టిక సరిగ్గా ఇట్టిదే. అయితే కుప్పంలోనివాళ్లకే వంటి మాటలో పొరలు రెండుకంటె ఎక్కువ. అట్టిచోట రెండు మూడు ప్రత్యయాలను ముందే కలిపి ఒకటిగా పట్టికలో చేర్చవలసి వస్తుంది. ఇంకను లోతుకు పోయి, పదరూపాన్ని పూర్తిగా విశ్లేషించే సాధనాలను హైదరాబాదు విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రజ్ఞులు నిర్మించినారు. మొత్తంమీద, పరీక్షకం పేరు ఏదైనను, దాని వెనుక ఉన్న తెలుగు నియమాల పట్టిక ఎంత పెద్దది, ఎంత శ్రద్ధతో కూర్చినది అనేదే ముఖ్యం. పట్టిక బలహీనమైతే మంచి తెలుగు అంతా ఎర్రబారుతుంది. కొద్ది రోజులకు వ్రాసేవాడు విసిగి ఆ గీతలను చూడడమే మానుకొంటాడు. అప్పుడు నిజమైన తప్పులు కూడ వాటిలో కలిసిపోతాయి.

మార్కప్ గుర్తులకూ ఈ ప్రత్యయాలకూ నడుమ ఒక పోరు ఉన్నది. ఆంగ్లంలో ఊరి పేరును లావు అక్షరాలలో వేయదలిస్తే ఆ మాట చుట్టూ గుర్తులు పెడతారు. మాట అక్కడితో ముగుస్తుంది. తెలుగులో మనం 'కుప్పం' అనే భాగానికి మాత్రమే గుర్తులు పెట్టి, 'లో' అనే ప్రత్యయాన్ని బయట వదులుతాము. గుర్తు ఉన్నచోట ఖాళీ ఉన్నట్లు భావించే పరీక్షకానికి అవి రెండు మాటలు. 'కుప్పంలో' విషయంలో ప్రమాదం లేదు. రెండు ముక్కలూ జాబితాలో దొరుకుతాయి. కాని 'కుప్పానికి' అనే మాటను 'కుప్పా' వద్ద తెంచి, 'నికి'ని బయట ఉంచితే, రెండు ముక్కల క్రిందా ఎర్రగీత పడుతుంది. పేరా గుర్తు మాటను విడదీస్తుంది, లావు అక్షరాల గుర్తు విడదీయదు అనే వివేకం ఉన్న పరీక్షకమే తెలుగుకు తగినది. అట్టిది దొరకనంతవరకు ప్రత్యయంతో సహా మాట మొత్తాన్నీ గుర్తుల లోపల ఉంచడం క్షేమం.

కంటికి కనబడని చిక్కు ఇంకొకటి ఉన్నది. యూనికోడ్ ప్రమాణం 1991లో తెలుగుకు తావిచ్చినది. తెలుగు కోసం 128 స్థానాలు కేటాయించినారు. అంతకు పూర్వపు అచ్చు ఫాంటులలో అక్షరాలను రేఖాఖండాలుగా దాచేవారు. అట్టి పత్రాన్ని యూనికోడ్‌లోనికి మార్చిన పిదపనే నేటి పరీక్షకాలు దానిని చదువగలవు. యూనికోడ్‌లోనూ 'స్త్రీ' అనే ఒక్క అక్షరం యంత్రానికి ఆరు సంకేతాల వరుస. మనకు ఒక అక్షరపు తప్పు దానికి రెండు మూడు తప్పులుగా తోచవచ్చును. 'సాఫ్ట్‌వేర్' వంటి మాటలో పొల్లును నిలపడానికి ఒక అదృశ్య సంకేతాన్ని చేరుస్తారు. ఒకరు దానిని చేర్చి, ఇంకొకరు చేర్చక వ్రాస్తే యంత్రానికి అవి రెండు వేరువేరు మాటలు. ఆ అదృశ్య సంకేతాన్ని ఎట్లా లెక్కిస్తుందో చూడకుండా ఏ పరీక్షకాన్నీ తెలుగు పత్రాలకు స్వీకరించరాదు.

ఇంతవరకు మార్కప్‌ను అడ్డంకిగానే చెప్పుకొన్నాము. దానివలన మేలు కూడ కలదు. కుప్పంలో ఒక ప్రకటన మూడు భాషలలో ఉండవచ్చును. ఒక పరిశోధన వ్యాసంలో తెలుగు వాక్యం నడుమ తమిళ ధాతువు, కన్నడ రూపం ఉదాహరణలుగా రావచ్చును. లిపులు వేరైతే యంత్రం తానే పోల్చుకొంటుంది. ఆ తమిళ, కన్నడ పదాలను తెలుగు లిపిలోనే వ్రాసినపుడు అది పోల్చుకొనలేదు. అన్నిటినీ తప్పు తెలుగు అంటుంది. ఎక్స్.ఎం.ఎల్. పత్రంలో ఈ భాగం ఫలానా భాష అని తెలిపే గుర్తు ఒకటి ఉన్నది. దానిని శ్రద్ధగా పెట్టి, దానిని చూసి నడచుకొనే పరీక్షకాన్ని ఎన్నుకొంటే, తమిళాన్ని తెలుగు కొలబద్దతో కొలిచే పొరపాటు తొలగుతుంది. ద్రావిడ భాషలను పక్కపక్కన ఉంచి చదివే కుప్పం విశ్వవిద్యాలయం వంటి చోట ఇది చిన్న సౌకర్యం కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మాండలికం. మదనపల్లె టమాటాల అంగడి దేశమంతటా పేరు పొందినది. ఆ కాయ పేరునే టమాట, టమాటా, టమోటా అని మూడు విధాల వ్రాస్తున్నారు. ఆలుగడ్డను ఆ ప్రాంతంలో ఉర్లగడ్డ అంటారు. ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు. అనపగింజలు, ఊరుబిండి అక్కడి ఇళ్లలో నిత్యం వినబడే మాటలు. కోస్తా వార్తాపత్రికలనుండి కూర్చిన జాబితాలో ఇవి లేకపోవచ్చును. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా' వంటి రచనలలో చిత్తూరు జిల్లా పలుకుబడిని యథాతథంగా నిలిపినారు. అట్టి పుటను నేటి పరీక్షకం ముందు పెడితే పంక్తి పంక్తికీ ఎర్రగీతలు పడతాయి. పెద్దవారు ఆ గీతను చూసి నవ్వి ఊరుకొంటారు. పదేళ్ల పిల్లవాడు తన అవ్వ చెప్పిన మాటను వ్రాసి, దాని క్రింద ఎర్రగీత చూచి, ఆ మాటను చెరిపివేసి యంత్రం సూచించిన మాటను పెట్టుకొంటే, ఒక మాట నిశ్శబ్దంగా పోయినట్లే. ఎవరూ దానిని నిషేధించలేదు. ఎవరూ దానిని తప్పని బోధించనూ లేదు. జాబితాలో లేకపోవడమే దాని నేరం.

దీనికి మందు పరీక్షకంలోనే ఉన్నది. ఇస్పెల్ నాటినుండి ప్రతి మంచి పరీక్షకంలోనూ వ్రాసేవాని సొంత మాటల జాబితాకు చోటు ఉన్నది. ఉర్లగడ్డను ఒకసారి దానిలో చేర్చితే ఇక ఎర్రగీత పడదు. ఆ జాబితా మామూలు అక్షరాల పత్రమే. దానిని దాచుకొనవచ్చును, ఇతరులకు ఇవ్వవచ్చును, నలుగురివీ కలుపవచ్చును. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశపు మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, వెలువడినది. రైతుల నోటినుండి మాటలను వ్రాసుకొని కూర్చిన గ్రంథమది. ఒక పాఠశాలలోని ఉపాధ్యాయులు తమ పరీక్షకాలలో పోగైన సొంత జాబితాలను ఏడాదికొకసారి కలిపి చూచుకొంటే, ఆ పరంపరకు చెందిన చిన్న పదకోశం శ్రమ లేకుండానే తయారవుతుంది.

యంత్రం చేయలేని పనిని కూడ చెప్పవలెను. 'అర్థం' అని వ్రాయవలసిన చోట 'అర్ధం' అని వ్రాస్తే అది పలకదు. సగమనే అర్థంలో అదీ మాటే. 'విద్యార్ధి' అంటే పట్టుకొంటుంది, ఎందుకంటే అట్టి మాట లేదు. 'కల' వ్రాయవలసిన చోట 'కళ' వ్రాసినా, 'వేల'కు బదులు 'వేళ' పడినా దానికి తెలియదు. 'కుప్పం లో' అని విడదీసి వ్రాసినా ఊరకుంటుంది. ఇవి చదివి గ్రహించవలసిన తప్పులు. పరీక్షకం వచ్చినదని ప్రూఫు చదవడం మానుకొన్నచోట ఇట్టివే అచ్చులో మిగులుతాయి.

కనుక తెలుగులో మార్కప్ పత్రాలు వ్రాసేవారు పరీక్షకాన్ని తీసుకొనే ముందు కొన్ని ప్రశ్నలు వేసుకొనవలెను. అది గుర్తులను దాటి మాటలను మాత్రమే చూడగలదా? దాటేటపుడు మాటను ప్రత్యయం వద్ద తెంచుతున్నదా? ప్రత్యయాల నియమాల పట్టిక దానికి ఉన్నదా, లేక ఉత్త జాబితాయేనా? పత్రంలో భాష మారితే తెలుసుకొనగలదా? సొంత మాటలను చేర్చుకొననిస్తుందా, ఆ జాబితాను మన చేతికి తిరిగి ఇస్తుందా? ఈమాక్స్ వంటి ఎడిటరులో నేటికి ఆస్పెల్, హన్‌స్పెల్ రెండిటినీ పెట్టి చూడవచ్చును. గుర్తులను దాటడంలో ఆస్పెల్ నేర్పరి. ప్రత్యయాలను విడదీయడంలో హన్‌స్పెల్ నేర్పరి. ఎడిటరే గుర్తులను దాటగలిగినపుడు, తెలుగుకు హన్‌స్పెల్ వైపు మొగ్గడం న్యాయం. మదనపల్లికి, పుంగనూర్లో, కుప్పానికి అనే మూడు మాటలను వ్రాసి చూస్తే ఏ పరీక్షకం శక్తి ఎంతో ఒక నిమిషంలో బయటపడుతుంది.

బ్రౌను కొలువులో ప్రతులను పోల్చినవారు కలవని చోట గుర్తు మాత్రమే పెట్టినారు. అక్కడ ఆగి, ఆలోచించి, ఏది ఉంచవలెనో నిర్ణయించినది భాష తెలిసిన మనిషి. నేడు గుర్తు పెట్టే పనిని యంత్రానికి అప్పగించినాము. అది అలసిపోదు, విసుగు చెందదు. ఆ పనికి తగినదే. నిర్ణయం మాత్రం ఆ మాటను పలికేవారిది. ఇంట్లో పిల్లలు కంప్యూటరుపై తెలుగు వ్రాస్తున్నపుడు ఎర్రగీత కనబడితే, వెంటనే చెరిపివేయమని గాని, పట్టించుకోవద్దని గాని చెప్పకుండా, ఆ మాట ఎక్కడిదో పక్కన కూర్చొని ఒకసారి విచారించండి. తప్పైతే దిద్దించండి, మన ఊరి మాటైతే జాబితాలో చేర్పించండి.